డబ్బిచ్చి చెడగొట్టుకున్న బీరు

మంచి బీరును చేతులారా చెడగొట్టుకోవడానికి ఒక పెట్టె అమ్ముతారనీ, దాన్ని నేను కొంటాననీ ఏడాది కిందట ఎవరైనా చెబితే నవ్వేసేవాణ్ణి. కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. చెప్పులపెట్టెలో సగం ఉంటుంది ఆ అట్టపెట్టె. లోపల స్పాంజి గుంటల్లో ఎనిమిది బుల్లి గాజు సీసాలు, ఒక్కో సీసాలో ఒకే రకం క్యాప్సూళ్లు కొన్ని. ఓ చిన్న పుస్తకం, మార్కులు వేసుకునే కాగితాల కట్ట. ఒక్కో రకం క్యాప్సూల్‌లో బీరుకు పట్టే ఒక్కో తెగులు ఉంటుంది. లీటరు సాదా లాగర్‌లో, అంటే చల్లగా పులియబెట్టిన మామూలు బీరులో, ఒకటి కలిపితే ఆ ఒక్క తెగులే నాలుకకు తగులుతుంది. బ్రూవరీల్లో రుచి చూసే ఉద్యోగులకు తర్ఫీదు ఇవ్వడానికి పుట్టిన సరుకు ఇది. ఇంట్లో బీరు కాచుకునే మాలాంటి వాళ్లకు కూడా ఇప్పుడు చిన్న పెట్టెల్లో దొరుకుతోంది.

కొనడానికి కారణం మా బావ. నేను కాచిన మూడో విడత బీరు గ్లాసులో పోసిచ్చాను. రంగు బంగారం, నురుగు రెండు వేళ్ల మందం, చూడ్డానికి ఏ వంకా లేదు. ఒక గుటక వేసి, "ఏదోలా ఉందిరా" అన్నాడు.

"ఏదోలా అంటే ఎలా బావా?"

"ఏదోలా అంటే ఏదోలానే. తాగలేనంత కాదులే."

తాగేశాడు, ఇంకోటి అడిగాడు. అక్కతో అదే మాట, మా ఆవిడతో అదే మాట. నా వృత్తి ప్రూఫులు దిద్దడం. ఇరవై ఏళ్లుగా తప్పు పట్టుకుని, దాని పక్కన మార్జిన్‌లో గుర్తు పెట్టి బతుకుతున్నవాణ్ణి. "ఏదోలా ఉంది"కి మార్జిన్‌లో పెట్టే గుర్తు లేదు. వత్తు పోయిందా, కొమ్ము పోయిందా, పదమే ఎగిరిపోయిందా చెప్పకుండా "ఈ పేజీ ఏదోలా ఉంది" అని ప్రూఫు వెనక్కి పంపితే నా ఉద్యోగం ఉండదు. నాలుగో విడతకు నీళ్లు పెట్టే ముందు ఆ ఏదోలాకు పేరు తెలుసుకోవాలనిపించింది. అలా వచ్చింది పెట్టె.

వాడే తీరు ముందు చెప్పేస్తాను, ఎందుకంటే పుస్తకంలో ఇదే సరిగ్గా రాయలేదు. ఒకే రకం, ఒకే తేదీ ఉన్న సాదా లాగర్ క్యాన్లు తెచ్చుకోవాలి. చేదు, పరిమళం ఎక్కువున్న బీరు పనికిరాదు, తెగులు దాని చాటున దాక్కుంటుంది. జగ్గులో కొంచెం బీరు పోసి, క్యాప్సూల్ విప్పి పొడి అందులో రాల్చి, నెమ్మదిగా తిప్పి, మిగతా బీరు అంచు వెంట పోయాలి. పొడి పడగానే నురుగు పాలపొంగులా లేస్తుంది. మొదటిసారి బల్లంతా పారింది, కాబట్టి జగ్గు పెద్దదే పెట్టుకోండి. ఏమీ కలపని బీరు ఒక గ్లాసు పక్కన ఉండి తీరాలి, అది లేకపోతే దేనితో పోల్చాలో తెలియదు. నలుగురైదుగురు ఉంటేనే ఇది గిట్టుబాటు, లీటరు కలిపిన బీరును ఒక్కడే తాగితే మూడో సీసాకే నాలుకా తలా రెండూ పోతాయి. ఒక రోజుకు నాలుగు సీసాలు దాటొద్దు. గ్లాసుకు రెండు మూడు గుక్కలు చాలు. వాసన చూసి చూసి ముక్కు మొద్దుబారితే మోచేతి మడతలో ముఖం పెట్టి సొంత చొక్కా వాసన ఒకసారి పీల్చాలి. ముక్కు మళ్లీ మొదటికి వస్తుంది. ఈ పని చేసేవాళ్లందరికీ తెలిసిన కిటుకే. ఆరుగురం బల్ల చుట్టూ కూర్చుని మోచేతులు వాసన చూసుకుంటుంటే బయటినుంచి చూసేవాళ్లు ఏమనుకుంటారో నాకు తెలియదు.

ఆరుగురమంటే నేను, మా ఆవిడ, అక్క, బావ, నాతో పనిచేసే ఇద్దరు కుర్రాళ్లు.

మొదటి సీసా వెన్న. శాస్త్రం పేరు డయాసిటైల్. క్యాప్సూల్ విప్పగానే మా అక్క మూడడుగుల అవతల నుంచే "వేడి పాప్‌కార్న్" అంది. లీటరు బీరులో మిల్లీగ్రాములో పదో వంతు ఉన్నా మనిషికి తెలిసిపోతుందట, పెట్టెలో వేసేది దానికి మూడింతలు. వాసన ఒక్కటే కాదు, నాలుక మీద సన్నగా జిడ్డు పూసినట్టు ఉంటుంది. ఇది ఎక్కడి నుంచో వచ్చి పడేది కాదు, ఈస్ట్ పులియబెట్టేటప్పుడు తానే వదిలిన పదార్థంలోంచి పుడుతుంది. కాస్త ఓపిక పడితే తర్వాత ఆ ఈస్టే దాన్ని మళ్లీ మింగేస్తుంది. తొందరపడి బీరును ఈస్ట్ మీద నుంచి తీసేస్తే వెన్న మిగిలిపోతుంది. అందుకే లాగర్ కాచేవాళ్లు చివర్లో రెండు మూడు రోజులు కొంచెం వెచ్చగా ఉంచుతారు. దానికి డయాసిటైల్ రెస్ట్ అని పేరు. సీసాల్లో నింపే ముందు ఓ పరీక్ష కూడా ఉంది: కొంచెం బీరును మూతపెట్టిన గ్లాసులో అరవై డిగ్రీల వేడి నీళ్లలో అరగంట ఉంచి, చల్లార్చి వాసన చూడాలి. దాక్కున్న వెన్న ఉంటే బయటపడుతుంది.

ఈ వెన్న పాతకాలపు గొడవ అనుకున్నాను, కాదు. బీరుకు చేదూ పరిమళమూ ఇచ్చే హాప్స్ పూలు గుమ్మరించి చిన్న బ్రూవరీలు చేసే ఇప్పటి క్రాఫ్ట్ ఐపీఏ బీర్లలో ఇది తిరిగొచ్చి కూర్చుంటోంది. పులియడం అయిపోయాక చల్లగా హాప్స్ కలుపుతారు కదా, ఆ హాప్స్‌లోనే కొన్ని ఎంజైములుంటాయి. ఈస్ట్ తినలేక వదిలేసిన పెద్ద చక్కెరల్ని అవి ముక్కలు చేసి పెడతాయి. పడుకున్న ఈస్ట్ లేచి మళ్లీ భోజనానికి కూర్చుంటుంది, దాంతోపాటు వెన్న మళ్లీ మొదలవుతుంది. బ్రూవర్లు దీన్ని హాప్ క్రీప్ అంటున్నారు, ఏదో కొత్త జబ్బులాగా. హొరేస్ బ్రౌన్, హారిస్ మోరిస్ అనే ఇద్దరు రసాయనవేత్తలు ఇంగ్లండ్‌లో 1893లోనే దీని గురించి రాసిపెట్టారు. తర్వాత దశాబ్దాల పాటు అంతంత హాప్స్ ఎవరూ వాడలేదు కాబట్టి మరుగునపడింది, అంతే.

ఇంతకీ బావ? గ్లాసు ముందు పెట్టాను. పీల్చాడు, తాగాడు, రెండో గ్లాసుతో పోల్చాడు. "రెండూ ఒకటే కదరా" అన్నాడు. అక్క ఆయన వైపు జాలిగా చూసింది. డయాసిటైల్ అసలు తెలియని ముక్కులు కొన్ని ఉంటాయట, చూపులో రంగు తెలియనట్టు. మూడింతలు కాదు, ఇంకా ఎక్కువైనా వాళ్లకు పట్టదు. జగ్గులో మిగిలిన వెన్న బీరంతా బావే తాగేశాడు. పారబోయకుండా చెల్లిపోయిన లీటరు అదొక్కటే.

రెండో సీసా విప్పినప్పుడు మాత్రం నా గుండె జారింది. ఉడకబెట్టిన మొక్కజొన్న, ఇంకా చెప్పాలంటే మొక్కజొన్న ఉడికిన నీళ్లు మర్నాడు వాసన చూసినట్టు. నేను నోరు తెరిచే లోపలే బావ గ్లాసు కింద పెట్టి, "ఇదేరా! నీ బీరు ఇదే!" అన్నాడు. వెన్న తెలియని మనిషి దీన్ని ఒక్క పీల్పులో పట్టేశాడు.

దీని పేరు డైమిథైల్ సల్ఫైడ్, పొట్టిగా డీఎంఎస్. బార్లీని మొలకెత్తించి ఎండబెడితే మాల్ట్, లేత రంగు మాల్ట్‌లో దీనికి మూలమైన పదార్థం ఉంటుంది. మాల్ట్ రసాన్ని మరిగించినప్పుడు అది డీఎంఎస్‌గా మారి ఆవిరితో పాటు పోతుంది. పోవాలంటే గిన్నె తెరిచి ఉండాలి. నేను గ్యాసు కలిసొస్తుందని గంటసేపూ మూతపెట్టి మరిగించాను. ఆవిరి మూతకు తగిలి, చుక్కలుగా మారి, మళ్లీ గిన్నెలోకే పడింది. ఆ మూత కింద చుక్కలు జారడం నేను స్వయంగా చూశాను, గాజుమూత కాబట్టి బాగా కనిపించింది, ముచ్చటగా కూడా అనిపించింది. పైగా చల్లార్చడానికి రాత్రంతా అలాగే వదిలేశాను. వేడిగా ఉన్నంతసేపూ డీఎంఎస్ పుడుతూనే ఉంటుంది, పోవడానికి దారి మాత్రం లేదు. పుస్తకంలో ఆ పేజీ చదువుతుంటే నా నేరాల చిట్టా ఎవరో చదువుతున్నట్టు ఉంది.

మాల్ట్‌ను ఎర్రగా వేయిస్తే ఈ గొడవ చాలావరకు ఉండదు, వేడికి ఆ మూల పదార్థం ముందే పోతుంది. పాతకాలంలో మాల్ట్ కట్టెల మంట మీద ఎండేది, బీర్లలో చాలావాటికి పొగ వాసన ఉండేది. పొగ తగలకుండా వేడిగాలితో ఆరబెట్టే బట్టీలు వచ్చాక లేత మాల్ట్ చేతికొచ్చింది. 1842లో బొహీమియాలోని పిల్జెన్ ఊళ్లో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా బ్రూవర్ అలాంటి మాల్ట్‌తో, మెత్తటి నీళ్లతో, జాట్స్ హాప్స్‌తో కాచిన లాగర్ నుంచే ఇవాళ లోకమంతా తాగే బంగారు రంగు బీరు వచ్చింది. పొగ పోయింది, రంగు తేలింది, మొక్కజొన్న బయటపడింది. మాల్ట్‌కు పొగ పట్టించడం జర్మనీలోని బాంబెర్గ్‌లో కొన్ని బ్రూవరీలు ఇప్పటికీ మానలేదు, కావాలనే చేస్తారు, దానికోసమే జనం వెళ్తారు. ఒక చోట వదిలించుకున్న తెగులు ఇంకో చోట ఊరి పేరు నిలబెడుతోంది.

ఇక్కడే ఈ పెట్టె మీద నా పెద్ద ఫిర్యాదు. పుస్తకం నిండా "దోషం, దోషం" అని రాసిపెట్టారు, ఎక్కడ దోషమో ఎక్కడ కాదో చెప్పలేదు. ఐదో సీసా లవంగం. సాదా లాగర్‌లో లవంగం వాసన వచ్చిందంటే అడవి ఈస్ట్ ఏదో దూరిందని అర్థం, నిజమే. కానీ బవేరియా గోధుమ బీరులో అదే లవంగం, పక్కన అరటిపండు వాసన, లేకపోతే అది గోధుమ బీరే కాదు. ఆ ఈస్ట్‌ను ఎంచుకునేదే దానికోసం. వెన్న సంగతీ అంతే, కొన్ని చెక్ లాగర్లలో, ఏల్స్ అనే ఇంగ్లీషు బీర్లలో కాస్త ఉంటే ఎవరూ తప్పుపట్టరు. ఆరో సీసా పాత చీజ్, మాసిన మేజోళ్లు. పాతబడ్డ హాప్స్‌లో పుట్టే ఐసోవలేరిక్ ఆమ్లం అది. అయితే బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే పుల్లటి బీరు కాచేవాళ్లు హాప్స్‌ను కావాలని ఏళ్ల తరబడి మాగబెట్టి వాడతారు. వాళ్లకు చేదు వద్దు, బీరును కాపాడే గుణం ఒక్కటి చాలు. అదే లాంబిక్‌లో గుర్రపుశాల వాసన తెచ్చే ఈస్ట్ పేరు బ్రెట్టనోమైసిస్. 1904లో డెన్మార్క్ బ్రూవరీ కార్ల్స్‌బర్గ్‌లో పనిచేసే క్లౌసెన్ దానికి ఆ పేరు పెట్టాడు, బ్రిటిష్ బూజు అని అర్థం. మాగబెట్టిన ఇంగ్లీషు బీర్ల ప్రత్యేక రుచికి అదే కారణమని ఆయన తేల్చాడు. ఇప్పుడది ఇంకో బ్రూవరీలో కనిపిస్తే గొట్టాలన్నీ విప్పి కడుగుతారు. తెలుగులో పొల్లు పోయిన మాటను తప్పని కొట్టేస్తాను నేను, పాత్ర నోట్లో యాస అయితే అదే పొల్లును వదిలేస్తాను. ఏ పేజీలో ఉందో చూడకుండా దిద్దేవాడు ప్రూఫ్‌రీడర్ కాడు. ఈ పుస్తకం రాసినాయన పేజీ చూడలేదు. పనిలో పనిగా, ఇరవైనాలుగు పేజీల్లో నాకు పదకొండు అచ్చుతప్పులు దొరికాయి.

నాలుగోది తడిసిన అట్ట. పాతబడ్డ బీరు. గాలి తగిలి, వేడి తగిలి, నెలలు గడిచి పుట్టే వాసన. దీని మోతాదు వింటే నమ్మబుద్ధి కాదు: వెన్న తెలియడానికి ఎంత కావాలో అందులో వెయ్యో వంతు చాలు. మా ఆవిడకు ఇది ఎక్కడో విన్న పాటలా అనిపించిందట. కాసేపు ఆలోచించి, "మీ ప్రూఫుల గదిలో అడుగున ఉన్న కట్ట" అంది. సరిగ్గా అదే. దీని తర్వాత నేను క్యాన్ కొనేటప్పుడు తేదీ చూడకుండా కొనడం లేదు. హాప్స్ పరిమళం కోసం కొనే బీరు ఆరు నెలలు వెచ్చటి అరలో నిలబడి ఉంటే అందులో పరిమళం మిగలదు, అట్ట మిగులుతుంది.

ఏడోది ఇనుము, దాని గురించి చెప్పేది తక్కువ. ముక్కుకు తెలియకపోతే ఒక చుక్క అరచేతి వెనక రుద్ది వాసన చూడండి, పాత నాణేలు పట్టుకున్న చెయ్యి గుర్తొస్తుంది.

ఎనిమిదోది మాత్రం శుద్ధ దండగ. ఎండ తగిలిన బీరు. ఇంగ్లీషువాళ్లు స్కంక్ వాసన అంటారు. స్కంక్‌ను నేను చూడలేదు, మీలో చాలామంది చూసి ఉండరు. నాకైతే కాలిన రబ్బరు, దాని వెనక పచ్చి వెల్లుల్లి. హాప్స్ చేదు పదార్థాన్ని వెలుతురు విరగ్గొడితే, ఆ ముక్క గంధకంతో కలిసి ఇది పుడుతుంది. లీటరుకు కొన్ని నానోగ్రాములు చాలు. గోధుమరంగు సీసా ఆ వెలుతురును చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చదీ తెల్లదీ ఆపవు. తెల్ల సీసాల్లో అమ్మే కొన్ని కంపెనీలు వెలుతురుకు విరగని విధంగా మార్చిన హాప్స్ సారం వాడతాయి. సరే, దీనికి క్యాప్సూల్ ఎందుకు? అదే లాగర్ రెండు గాజు గ్లాసుల్లో పోసి, ఒకటి అల్మరాలో, ఒకటి ఎండలో పావుగంట పెట్టాను. ఎండలోది కంపు కొట్టింది, క్యాప్సూల్‌ కన్నా ఘాటుగా. సూర్యుడు ఊరికే ఇచ్చేదాన్ని సీసాలో పెట్టి అమ్ముతున్నారు. దాని బదులు గుర్రపుశాల పెట్టి ఉంటే ఎంత బాగుండేది.

మూడో సీసాను వదిలేశానని గమనించే ఉంటారు. దాని కథ వేరు.

పచ్చి యాపిల్ అని రాసి ఉంది దాని మీద. ఎసిటాల్డిహైడ్. చక్కెర ఆల్కహాల్‌గా మారే దారిలో చివరి మెట్టుకు ముందుది, పూర్తిగా పండని బీరులో మిగిలిపోతుంది. మేం కలిపాం, తిప్పాం, ఆగాం. ఏమీ లేదు. అక్క ముక్కుకే ఏమీ లేదు. క్యాప్సూల్‌లో పొడి గడ్డకట్టి ఉంది. కంపెనీకి రాశాను. "ముక్కులు అందరికీ ఒకేలా ఉండవు సార్, కొందరికి కొన్ని తెలియవు" అని మర్యాదగా జవాబు వచ్చింది. మా బావ వెన్న సంగతి వాళ్లకెలా తెలిసిందా అనుకున్నాను.

అప్పుడు త్రికోణ పరీక్ష పెట్టాను. మనిషికి మూడు గ్లాసులు, రెండింట్లో ఒకటే బీరు, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో చెప్పాలి. ఈ పద్ధతి కూడా 1940ల్లో కోపెన్‌హేగన్‌లో కార్ల్స్‌బర్గ్ వాళ్లు తమ బీరు కోసం వాడుకలోకి తెచ్చిందే. గుడ్డిగా చెప్పినా మూడింట ఒక వంతు సరిపోతుంది, కాబట్టి ఆరుగురిలో ఇద్దరు పట్టుకున్నారంటే ఎవరూ పట్టుకోనట్టే లెక్క. నలుగురు చెప్పినా అది గాలివాటం కావడానికి పదింట ఒక అవకాశం ఉంది. ఐదుగురు చెబితే ఆ అవకాశం యాభైలో ఒకటి కన్నా తక్కువ, అప్పుడు నమ్మొచ్చు. ఇంత చిన్న గుంపుతో లెక్క తేల్చే విద్య కూడా బ్రూవరీలోనే పెరిగింది. ఐర్లండ్ బ్రూవరీ గిన్నిస్‌లో పనిచేసే విలియం సీలీ గాసెట్‌కు నాలుగైదు నమూనాలతోనే బార్లీ సంగతి తేల్చాల్సిన అవసరం పడింది. 1908లో ఆ లెక్కను సొంత పేరు పెట్టకుండా "స్టూడెంట్" అనే పేరుతో అచ్చువేశాడు. గణాంకశాస్త్రం చదివిన ప్రతివాడికీ తెలిసిన స్టూడెంట్ టీ పరీక్ష అదే.

వెన్న బీరుతో పరీక్ష పెడితే ఐదుగురు పట్టారు, తప్పింది బావ ఒక్కడే. మొక్కజొన్నతో ఆరుగురూ. పచ్చి యాపిల్‌తో ఇద్దరు. ఈ మూడు లెక్కలూ కాగితం మీద గళ్లు గీసి, ఫోటో తీసి పంపాను. "ఎసిటాల్డిహైడ్ ఇరవై డిగ్రీలకే ఆవిరైపోతుంది కదండీ, మీ పార్సిల్ దారిలో ఎన్ని మధ్యాహ్నాలు వ్యాన్‌లో మగ్గిందో" అని ఒక వాక్యం చేర్చాను. ఈసారి ముక్కుల ప్రస్తావన రాలేదు. మూడు వారాలకు కొత్త సీసా వచ్చింది, ఐసు సంచిలో. అందుకు వాళ్లకు ఒక మార్కు కలుపుతున్నాను, మూడు వారాలు తిప్పినందుకు ఒకటి తీసేస్తున్నాను.

కొనాలా వద్దా అంటే, బీరు కాచేవాళ్లు కొనండి. ఊరికే తాగేవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. అచ్చుతప్పు ఒకసారి కంటబడితే ఆ పేజీలో ఇంకేమీ కనబడదు, నాకిప్పుడు బీరు అలాగే అయింది. మొన్న ఒక మంచి బ్రూపబ్‌లో, అందరూ మెచ్చుకునే మబ్బు ఐపీఏ గ్లాసు ఎత్తగానే నాకు వెన్న తగిలింది. పక్కనున్నవాళ్లు మామిడి, నారింజ అని మురిసిపోతున్నారు. మామిడీ ఉంది, నారింజా ఉంది, నిజమే. నేను మాత్రం హాప్ క్రీప్ అనుకుంటూ కూర్చున్నాను. ఆ మబ్బుతనమే ఒకప్పుడు దోషం. మసకగా ఉన్న బీరును బ్రూవర్ వడకట్టక వదిలేశాడనేవాళ్లు. అమెరికాలోని వెర్మాంట్ బ్రూవర్ల పుణ్యమా అని ఇప్పుడు తేటగా ఉంటేనే అనుమానపడుతున్నారు.

దీని వల్ల ఇంకో లాభం, చరిత్ర చదివేటప్పుడు పేర్లు నాలుక మీదికి వస్తున్నాయి. 1876లో పాశ్చర్ బీరు మీద పుస్తకం రాసి, బీరు జబ్బులన్నీ సూక్ష్మజీవుల పనేనన్నాడు. 1883లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క ఈస్ట్ కణం నుంచి శుద్ధమైన వంశాన్ని పెంచాడు, యజమాని జాకబ్సెన్ దాన్ని దాచుకోకుండా ఇతర బ్రూవరీలకు పంచిపెట్టాడు. ఇదివరకు ఇవి నాకు తేదీలు. ఇప్పుడు హాన్సెన్ అనగానే పులిసిన, లవంగం కొట్టే లాగర్ జాడీ, దాని ముందు తల పట్టుకున్న మనిషి కనిపిస్తున్నారు. 1965లో ఫ్రిట్జ్ మేటాగ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మూతపడబోతున్న ఆంకర్ బ్రూవరీలో వాటా కొన్నప్పుడు అక్కడి బీరు తరచూ పులిసిపోయేదట. ఆయన మొదటి కొన్నేళ్లు చేసింది కొత్త రుచులు కనిపెట్టడం కాదు, గొట్టాలు కడగడం. అమెరికా క్రాఫ్ట్ బీరు కథ మొదలయ్యేది ఆ కడుగుడు దగ్గరే. 1970ల్లో మోర్టెన్ మీల్గార్డ్ బీరు రుచులన్నిటినీ ఒక చక్రంలో పేర్చి, నూటికి పైగా పేర్లు ఖాయం చేశాడు. ఒక బ్రూవరీలో "అట్ట" అన్నది ఇంకో బ్రూవరీలో కూడా "అట్ట"గానే అర్థం కావాలని. ఆయన చుట్టూ కూడా ఎవరో బావ "ఏదోలా ఉంది" అంటూ తిరిగి ఉంటాడని నా నమ్మకం.

ఐదుకు మూడున్నర ఇస్తాను. క్యాప్సూళ్ల నాణ్యతకు నాలుగు, పుస్తకానికి ఒకటిన్నర, ఎండ సీసాకు సున్నా.

కొత్త పచ్చి యాపిల్ సీసా పోయిన ఆదివారం విప్పాం. అక్క పీల్చి, ఏమీ మాట్లాడకుండా తల ఊపింది. పచ్చి యాపిల్, దాని వెనక కొత్తగా వేసిన పెయింటు. అందరికీ తెలిసింది. అదే రోజు నాలుగో విడత సీసాలు కూడా తెరిచాను, ఈసారి మూత తీసి గంటన్నర మరిగించి, ఐసునీళ్లలో గిన్నె దింపి ఇరవై నిమిషాల్లో చల్లార్చింది. మొదటి గ్లాసు బావకు ఇచ్చాను. పీల్చాడు. తాగాడు. కాసేపు పైకప్పు వైపు చూశాడు.

"మొక్కజొన్న లేదురా."

హమ్మయ్య అనుకుంటూ నా గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అక్క అప్పటికే నా వైపు చూస్తోంది. వేడి పాప్‌కార్న్. ఈస్ట్ మీద ఇంకో మూడు రోజులు ఉంచాల్సింది.

"బ్రహ్మాండంగా ఉంది, ఇంకోటి పొయ్యి" అన్నాడు బావ.